గడప దాటని చీమలు

కోవిడ్ తగ్గిన తర్వాత రెండో వర్షాకాలంలో, విశాఖపట్నం పోర్టు రోడ్డులోని ఒక ప్రైవేటు బియ్యం గోదాముకు నన్ను ఫ్యూమిగేషన్ సూపర్‌వైజరుగా వేశారు. ఎగుమతి బియ్యంలో పురుగు మిగలకుండా విషవాయువు పట్టించడం, అది పూర్తిగా పోయాక మనుషులు లోపలికి వెళ్ళవచ్చని సంతకం చేయడం నా పని. ఆ సంతకం లేనిదే బస్తాలు మోసే కలాసీలు గడప దాటకూడదు. నిరుడు స్వచ్ఛంద విరమణ తీసుకున్నాను. అక్కడి రిజిస్టరులో నా చేతిరాతతో ఒక అబద్ధం ఉంది. దాన్ని సరిదిద్దడానికే ఇది రాస్తున్నాను.

బస్తాల దొంతరలమీద ప్లాస్టిక్ పట్టాలు కప్పి, అంచుల వెంట ఇసుక నింపిన గుడ్డ సంచులు పరుస్తాం. లోపల ట్రేలలో పెట్టిన బిళ్ళలు గాలిలోని తేమ తగిలి వాయువు వదులుతాయి. వారం తర్వాత పట్టాలు తీసి, తలుపులు తెరిచి, గాలి ఆడనిస్తాం. ఆపైన చేతిపంపుకు సన్నటి గాజు గొట్టం బిగించి, లోపల ఐదుచోట్ల గాలి లాగి చూడాలి. వాయువుంటే గొట్టంలోని పొడి రంగు మారుతుంది. కుళ్ళిన చేప వాసన వస్తుందంటారు గాని, వాసన లేనంత మాత్రాన వాయువు లేదనుకోకూడదు.

కలాసీల జట్టుకు మేస్త్రీ పైడిరాజు. పద్మనాభం దగ్గర ఎకరం వరి చేసుకుంటూ రోజూ బస్సులో వచ్చేవాడు. తలుపు తెరిచిన రోజున గడపకు లోపలివైపు పిడికెడు నూకలు పోసి, వంగి ఏదో గొణిగి, చీమల కోసం కాచుకు కూర్చునేవాడు. అవి వచ్చి నూక ఎత్తుకుంటే దండం పెట్టి లేచేవాడు. ఒకసారి ఏమిటిదని అడిగాను.

"లోపల పురుగుల పేణాలు పోయాయి కదండీ బాబూ. ఆటికి సెప్పుకుంటన్నాను. బయటోటి వచ్చి నూకెత్తుకుంటే అమ్మోరు సెలవిచ్చినట్టు."

"మీ అమ్మవారికి కబురు పంపడానికి చీమలే దొరికాయా?"

"మనుసుల్ని పంపితే మీరు ఇనరు కదండీ," అన్నాడు. జట్టంతా నవ్వింది.

మాది చర్చికి వెళ్ళే కుటుంబం. దేవుణ్ణి ఆదివారం బెంచీమీదే వదిలి వచ్చేవాణ్ణి. గోదాములో గాజు గొట్టం చాలనుకున్నాను.

ఒకసారి, తలుపులు తెరిచిన రోజు మధ్యాహ్నం, మా బియ్యం కోసం ఓడ పోర్టు బెర్తులో ఎదురుచూస్తోంది. గోదాము మేనేజరు మూడుసార్లు ఫోన్ చేశాడు. వాన వెలిసింది, గాలి కదలడం లేదు. నేను గుమ్మంలో నిలబడి ఒక్కసారి పంపు లాగాను. రంగు మారలేదు. ఆ ఒక్క కొలతనే సర్టిఫికెట్‌లోని ఐదు గడుల్లోనూ రాసి సంతకం చేశాను.

పైడిరాజు గడపమీద అడ్డంగా కూర్చున్నాడు. "సీమలు రానేదండి బాబూ. నానెల్లను. మావోళ్ళని ఎల్లనివ్వను."

వంగి చూశాను. నల్లచీమల బారు బయటి గోడ వెంట వచ్చి గడపరాతి మధ్యదాకా ఎక్కింది. నూకలు జానెడు దూరంలో ఉన్నాయి. ముందున్న చీమ మీసాలు ఆడించి వెనక్కి తిరిగింది. దాని వెనకవి ఒక్కొక్కటీ సరిగ్గా అక్కడికే వచ్చి తిరిగిపోయాయి. అక్కడ నీటి చుక్క లేదు, పుల్ల అడ్డం లేదు. లోపల దూలాలమీద పిచ్చుక అలికిడి కూడా లేదు. అయినా, వానాకాలం చీమలు అలాగే చేస్తాయన్నాను.

మేనేజరు వచ్చాడు. "నీకు జీతమిచ్చేది మేమా, చీమలా?" అని పైడిరాజు గేటు పాసు లాక్కుని పనిలోంచి తీసేశాడు. నేను రిజిస్టరులో రాశాను: "మూఢనమ్మకంతో పని ఆపాడు. పరీక్షలో వాయువు లేదు."

పైడిరాజు చెప్పులు వేసుకుంటూ, "ఆ గొట్టం లోపలెట్టి సూడండి బాబూ, ఒక్కసారి," అని వెళ్ళిపోయాడు.

కలాసీలు కదల్లేదు. "ముందు మీరెల్లండి," అన్నారు. మాస్కు తగిలించుకుని వెళ్ళాను. రెండో దొంతర వెనక నా అడుగుల చప్పుడు నాకే వినపడలేదు. గోడమీద బల్లి నన్నే చూస్తున్నట్టుంది. పంపు కొస తగలగానే రాలిపడింది. గాలి లాగాను. గొట్టం చివరిదాకా నల్లబడింది. మూల ట్రేలో బిళ్ళలు ఇంకా పూర్తిగా పొడి కాలేదు, వాయువు వదులుతూనే ఉన్నాయి.

ఆ ట్రేతో బయటికి వచ్చి, ఇంకో రోజు గాలాడాలని మాత్రం చెప్పాను. సర్టిఫికెట్ చింపేశాను. రిజిస్టరులో పైడిరాజు గురించి రాసిన మాట కొట్టేయలేదు. కొట్టేస్తే, గుమ్మంలో నిలబడి ఐదు గడులు నింపిన సంగతి బయటపడి నా లైసెన్సు పోయేది.

మర్నాడు పొద్దున ఒక్కణ్ణే లోపలికెళ్ళి ఐదుచోట్లా పరీక్షించాను. రంగు మారలేదు. తిరిగి వచ్చేసరికి చీమల బారు గడప దాటి, పైడిరాజు పోసిన నూకలు మోసుకుపోతోంది. తొక్కకుండా దాటుదామని కాలెత్తి అలాగే నిలబడిపోయాను. ఎన్నేళ్ళ ప్రార్థనలోనూ కలగని భయం అప్పుడు కలిగింది. ఎవరో ఎప్పటినుంచో నన్ను చూస్తూనే ఉన్నారనిపించింది.

విరమణ తర్వాత పైడిరాజును తగరపువలస మార్కెట్లో వెతికి పట్టుకున్నాను. కూరగాయల బస్తాలు దించుతున్నాడు. జరిగిందంతా చెప్పాను.

"మర్నాడు సీమలొచ్చాయా బాబూ?" అన్నాడు ముందు. వచ్చాయన్నాను. చేతిలో బస్తా కింద పెట్టాడు. "మా ఇంటిది ఇప్పటికీ నన్ను సీమల పిచ్చోడంటాది. మీరు సెప్పింది కాయితంమీద రాసివ్వండి. దానికి సూపిత్తాను."

రాసిచ్చాను. ఒక ప్రతి కంపెనీకి పంపాను. ఇంకా జవాబు రాలేదు.

గుమ్మంలో తీసిన కొలత గుమ్మానికే చెల్లుతుంది. మనిషి లోపలికి వెళ్ళనన్నప్పుడు ముందు లోపల కొలవాలి, ఆ తర్వాతే అతని గురించి రాయాలి. చీమలను నమ్మి ఎవరూ గోదాములోకి వెళ్ళవద్దు. అవి ఆగిన చోట మాత్రం ఆగి చూడండి.