కొండ మీదికి కుక్కర్

మా అమ్మాయిని ఈ జూన్‌లో స్కూలు వాళ్ళు కొండలకు తీసుకెళ్తామన్నారని, బేస్‌మెంట్‌లో మూలపడి ఉన్న అమ్మ బ్యాక్‌ప్యాక్ పైకి తెచ్చి జిప్ లాగాను. బూజు వాసన వెనకాలే ఇంగువ వాసన గుప్పుమంది. ఇన్నేళ్ళయినా వదల్లేదు. పాత వాసనలు తగిలితే కళ్ళు చెమరుస్తాయంటారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది.

నా చిన్నతనంలో, కాల్గరీలోని మా తెలుగు చర్చి కుటుంబాలు నాలుగైదు కలిసి, వేసవి మొదలవుతూనే రాకీ కొండల్లోకి నడిచి వెళ్ళేవి. ఊళ్ళో లైలాక్ పూలు విచ్చుకుని, పిల్లలం జాకెట్లు విసిరేసి సైకిళ్ళ మీద తిరిగే రోజుల్లో కూడా అక్కడ చలికాలం కదిలేది కాదు. చెట్ల నీడన మురికిపట్టిన మంచు దిబ్బలు, వాటి అడుగున కనబడకుండా గలగలమనే నీళ్ళు, తడిసిన దేవదారు వాసన, మంచు కరిగిన ప్రతి జానెడు చోటా తోసుకొచ్చే పసుపు లిల్లీలు. మేం పైపొర గీకేసి అడుగునున్న తెల్లమంచు గిన్నెల్లోకి తీసుకుని, నారింజ పొడి చల్లుకుని, నాలుకలు మొద్దుబారేదాకా తినేవాళ్ళం. మగవాళ్ళు మంకీ క్యాపుల్లో పేకాడేవారు. ఆడవాళ్ళు వండేవారు.

ఈ గుంపుకు పెద్ద జయరాజు అంకుల్. నాన్నకు ఈ దేశంలో మొదటి ఉద్యోగం ఇప్పించిన మనిషి కాబట్టి మా ఇంట్లో ఆయన మాటకు ఎదురుండేది కాదు. ఆయనకు పొద్దున్నే వేడి అన్నం, పప్పుచారు పడితే తప్ప కాలు కదలదు. అంత ఎత్తులో గిన్నెలో అన్నం ఎంతకీ ఉడకదు, పలుకు పలుకుగానే ఉంటుంది. అందుకని మావాళ్ళు ప్రెషర్ కుక్కర్ మోసుకెళ్ళేవారు. కొండల్లో కుక్కర్ విజిల్ వేయించిన వాళ్ళం మేమేనని చెబితే విన్నవాళ్ళంతా పడీపడీ నవ్వుతారు. దాన్ని ఎవరు మోశారని ఒక్కరూ అడగరు. మా అమ్మ మోసేది, బియ్యం, కందిపప్పు, చింతపండు, ఇంగువ డబ్బాతో సహా.

అమ్మ నర్సు. కొండదారి దాటాక ఒక సరస్సు ఉందని, సగం గడ్డకట్టి, సగం కరిగి నీలంగా ఉంటుందని ఒక ఏడు ఆసుపత్రిలో తోటి నర్సు ఫోటో చూపించిందట. ఆ చలికాలమంతా అమ్మ లిఫ్ట్ ఎక్కకుండా మెట్లెక్కి కాళ్ళు గట్టిచేసుకుంది. నాకు తెలిసి మా అమ్మ తనకోసం కోరుకున్నది అదొక్కటే.

ఆ వేసవి అందరం ఆ సరస్సుకే బయల్దేరాం. పార్కు ఆఫీసులో పనిచేసే అమ్మాయి ముందే చెప్పింది, మంచు గట్టిగా ఉన్నప్పుడే, ఎండ ఎక్కకముందే ఆ కొండదారి దాటాలని. మరునాడు పొద్దున్నే అమ్మ నెమ్మదిగా అంది: “అన్నయ్యగారూ, ఎండెక్కితే మంచు మెత్తబడిపోద్దంట. ఈ పూటకి బ్రెడ్ తిని స్టార్ట్ అవుదామండీ.”

“రొట్టెముక్కలు తిని కొండెక్కడానికి మనమేవన్నా తెల్లోళ్ళమా చెల్లెమ్మా? అన్నం పెట్టు. మంచు సంగతి మేం చూసుకుంటాం.”

అందరూ నవ్వారు. నాన్న కూడా. “చెప్పారు గదా, కానియ్,” అన్నాడు.

అన్నం ఉడికింది, తిన్నారు, త్రేన్చారు. వాసనకు ఎలుగుబంట్లు వస్తాయని గుడారాలకు దూరంగా వెళ్ళి మంచునీళ్ళలో గిన్నెలు తోమింది కూడా అమ్మే. మేం మంచు దగ్గరికి చేరేసరికి ఎండ చుర్రుమంటోంది. ముందు మగవాళ్ళు నడిచి గుల్లచేసిన దారిలో అమ్మ కాలు తొడదాకా దిగబడింది, అడుగున రెండు రాళ్ళ మధ్య పాదం ఇరుక్కుంది, వీపు మీది బరువు ఆమెను ఒకవైపుకు లాగేసింది. అమ్మ అరుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

లాగి బయటికి తీసి బండమీద కూర్చోబెట్టారు. తన మోకాలికి తనే చున్నీతో కట్టు కట్టుకుంది. అప్పుడు నాన్న అన్నాడు: “ఇంతదూరం వచ్చి చూడకుండా ఎట్టా పోతాం? ఇట్టా వెళ్ళి అట్టా వచ్చేస్తాం. పాపను నీ దగ్గరుంచుకో.”

వెళ్ళారు. నేనూ అమ్మా ఆ బండమీద ఉన్నాం. ఉబ్బుతున్న మోకాలి మీద నేను మంచు పెడుతూ ఉంటే అమ్మ వాళ్ళు వెళ్ళినవైపే చూస్తూ కూర్చుంది. సాయంత్రానికి ఫోటోలు తీసుకుని, కబుర్లు చెప్పుకుంటూ తిరిగొచ్చారు. ఆపరేషన్ అయినా ఆ కాలు మళ్ళీ పూర్తిగా వంగలేదు. మరుసటి ఏడు కూడా వాళ్ళు వెళ్ళారు. కుక్కర్ ఇంకో ఆవిడ వీపు మీదికి మారింది.

ఆ తర్వాత, తలా ఒక వంటకం తెచ్చుకునే ప్రతి పాట్‌లక్ విందులోనూ అది జోకు. “మా చెల్లెమ్మ బరువుకి కొండే కుంగిపోయింది!” అని జయరాజు అంకుల్ అనడం, అందరూ నవ్వడం, కుంటుతూ వడ్డిస్తున్న అమ్మ కూడా నవ్వడం. ఆ నవ్వుకు నేనింతవరకూ ఎవరినీ క్షమించలేదు.

ఇప్పుడా గుంపు లేదు. కొందరు పోయారు, కొందరు పిల్లల దగ్గరికి వేరే ఊళ్ళకు వెళ్ళారు. జయరాజు అంకుల్ వాకర్ పట్టుకుని నడుస్తాడు. మొన్న ఆదివారం ఇంటికొచ్చి, మా అమ్మాయి ప్రయాణం సంగతి విని, మళ్ళీ అదే జోకు వేశాడు. నాన్న నవ్వాడు. ఈసారి అమ్మ నవ్వలేదు.

“ఏవండీ,” అంది నాన్నతో, “ఆ రోజు మీరు చూసొచ్చారు గదా. ఆ సరస్సు ఎట్టా ఉంది?”

ఇన్నేళ్ళలో ఆ మాట అడగడం అదే మొదటిసారి.

“ఏమో, గుర్తులేదే,” అని నాన్న టీ కప్పు అందుకున్నాడు.