పరగడుపున విశాఖ

హోటళ్ళలో తెల్ల దుప్పటిని పరుపు కిందకి అంత గట్టిగా ఎందుకు దోపుతారో నాకు ఇప్పటికీ తెలియదు. పడుకోవడానికి వచ్చిన మనిషి కవర్లోకి ఉత్తరం దూరినట్టు పైనుంచి జారాలి. జారాక కాళ్ళు కదలవు. నాలుగు వైపులా లాగి విప్పుకుంటే రాత్రంతా మంచం మీద కుస్తీ జరిగినట్టుంటుంది, పొద్దున్న గది శుభ్రం చేయడానికి వచ్చినావిడ మనల్ని అదోలా చూస్తుంది. పోనీ రంగు దుప్పటి వేస్తారా అంటే వెయ్యరు. ఆ తెలుపు వల్ల నాకు కొంత నష్టం కూడా జరిగింది.

మాది ఉద్దానం. ఊళ్ళోకి సముద్రం వినిపిస్తుంది గానీ కనిపించదు. కొంచెం కొబ్బరి, కొంచెం జీడి ఉన్నాయి. నేను టెక్కలిలో ఒక కాలేజీలో కామర్స్ పాఠాలు చెబుతాను, రోజూ బండి మీద వెళ్ళి వస్తాను. అమ్మ, నాన్న, నేను, నా భార్య, ఐదో తరగతి పరీక్షలు రాసేసిన మా అమ్మాయి, అందరం ఒకే ఇంట్లో ఉంటాం. ఒకే ఇంట్లో ఉండి కూడా ఎప్పుడూ కలిసి ఎక్కడికీ వెళ్ళలేదన్న సంగతి నా భార్యకి ఒక ఆదివారం హఠాత్తుగా గుర్తొచ్చింది.

"రెండ్రోజులు విశాఖ వెళ్ళొద్దామండీ. పార్కులూ, కాలనీలూ చూద్దాం. ఒక పూట మంచి హోటల్లో తిందాం. ఊరికే" అంది.

ఆ 'ఊరికే' మా ఊళ్ళో చెల్లదని నాకు అప్పుడు తట్టలేదు.

మా వైపు చాలా ఇళ్ళలో మూత్రపిండాల జబ్బు ఉంది. ఎందుకొస్తోందో ఇంకా తేల్చలేదు. తేల్చడానికి వచ్చినవాళ్ళు మాత్రం మా బావుల నీళ్ళు సీసాల్లో పట్టుకెళుతూనే ఉన్నారు. అందుచేత మాకు విశాఖ అంటే ఊరు కాదు, ఆస్పత్రి. విశాఖ వెళుతున్నామంటే మా వాళ్ళు "ఎందుకు?" అని అడగరు. "ఎవలికి?" అని అడుగుతారు.

ఇంకో ఆచారం కూడా ఉంది. పరీక్ష చేయించుకోనని మొండికేసిన పెద్దవాళ్ళని ఊరు చూపిస్తామని చెప్పి తీసుకెళతారు. ముందు ఒక దేవుడి దర్శనం. తర్వాత సముద్రం ఒడ్డున షికారు. ఆ పూట మంచి భోజనం, దాని మీద ఐస్‌క్రీం. మర్నాడు పొద్దున్న "ఎలాగూ వచ్చాం కదా, పనిలో పనిగా ఒకసారి చూపించేద్దాం" అంటారు. ఈ పద్ధతిలో మా పెదనాన్నని తీసుకెళ్ళింది మా నాన్నే. ఆ తర్వాత పెదనాన్న వారానికి రెండుసార్లు రక్తం శుభ్రం చేయించుకోవడానికి పలాస వెళ్ళివచ్చేవాడు. కొన్నాళ్ళకి వెళ్ళే పని లేకపోయింది.

నాన్నకి ఏ జబ్బూ లేదు. ఊళ్ళో పెట్టిన శిబిరంలో ఒకసారి పరీక్ష చేసి బాగానే ఉందన్నారు. ఆ తర్వాత ఆయన ఏ శిబిరం వైపూ వెళ్ళలేదు. బాగుందన్న మాటని మళ్ళీ అడిగితే మారుస్తారని ఆయన అనుమానం.

ప్రయాణం మాట చెప్పగానే ఆయన అభ్యంతరం ఏమీ పెట్టలేదు. అక్కడే నేను అనుమానించాల్సింది. మా ఇంట్లో టీలో పంచదార మార్చినా అభ్యంతరం పెట్టే మనిషి. మర్నాడు జుట్టు కత్తిరించుకుని వచ్చాడు. సాయంత్రం నన్ను జీడితోటకి తీసుకెళ్ళి, "ఈ గట్టు దాకా మనది. ఆ గట్టు కాడ్నించి ఆల్లది. తగువొత్తే ఎనక్కి తగ్గకు" అన్నాడు. ఆ గట్టు నేను పుట్టకముందు నుంచీ అక్కడే ఉంది. నాకు తెలుసు అన్నాను.

బయల్దేరే రోజు పక్కింటాయన వీధరుగు మీదకి వచ్చి కూర్చున్నాడు. నాన్నకి వరసకి బావ.

"ఎవలికి బావా?"

"ఎవలికీ కాదట. ఊరికినేనట."

"ఊరికినేనా?" అని ఆయన నా వైపు చూసి, నాన్న భుజం మీద చెయ్యి వేశాడు. "అలగే అంటార్లే. ధైర్నంగా ఎల్లిరా."

అమ్మ సర్దిన సామాను చూస్తే నాకే ధైర్యం పోయింది. ఫ్లాస్కు, చాప, స్టీలు కంచం, పాత దుప్పటి, రెండు కొవ్వొత్తులు. "ఇవన్నీ ఎందుకే?" అంటే, "విశాకపట్నం ఎల్తే కావాలి గదరా" అంది. ఆవిడకి తెలిసిన విశాఖలో ఇవన్నీ కావలసినవే.

పలాసలో రైలెక్కి మధ్యాహ్నానికి దిగాం. హోటలు గది చవగ్గా దొరికిందని జగదాంబ దగ్గర తీసుకున్నాను. పెద్దాస్పత్రి అక్కడికి కూతవేటు దూరంలో ఉందన్న సంగతి నా లెక్కలోకి రాలేదు. గదిలో రెండు మంచాలు, వాటి మీద నేను పైన చెప్పిన తెల్ల దుప్పట్లు, తలవైపు గోడకి పిలుపు గంట నొక్కే బటను. నాన్న గుమ్మంలో నిలబడి అన్నీ చూశాడు. మంచం మీద కూర్చోకుండా చాప పరుచుకున్నాడు.

"మంచం మీద పడుకో నాన్నా."

"ఇప్పుడే ఎందుకులే" అన్నాడు.

ఆ సాయంత్రం కైలాసగిరి ఎక్కాం. కొండ మీద పార్కు బాగుంది. చిన్న రైలెక్కి కొండంతా చుట్టి వస్తే కింద బీచి రోడ్డు, దాని పక్కన ఆ పొడవునా సముద్రం కనిపిస్తాయి. మా అమ్మాయి రెండోసారి కూడా ఎక్కుతానంది. నా భార్య సముద్రం అటు వచ్చేలా ఒకటి, ఇటు వచ్చేలా ఒకటి ఫోటోలు తీసింది. అక్కడ శివపార్వతుల పెద్ద విగ్రహాలున్నాయి. జనం వాటి ముందు ఫోటోలు దిగుతున్నారు. నాన్న ఒక్కడే చెప్పులు విడిచి దణ్ణం పెట్టుకున్నాడు. బాగా సేపు పెట్టుకున్నాడు.

దిగి బీచికి వెళ్ళాం. మా ఊరి పక్కనా సముద్రమే, కానీ అక్కడ పడవలుంటాయి, ఎండు చేపలుంటాయి, పనుంటుంది. ఇక్కడ జనం ఏ పనీ లేకుండా సముద్రాన్ని చూస్తున్నారు. నాన్న కూడా కాసేపు అలాగే చూశాడు. తర్వాత సిరిపురంలో నా భార్య ఫోన్లో వెతికి పెట్టుకున్న హోటల్లో భోజనానికి కూర్చున్నాం. చల్లగా, చీకటిగా ఉంది. తినేది కనపడకుండా ఉండటం ఖరీదైన పద్ధతి అనుకుంటాను. జీడిపప్పు కూర తెప్పించాం. నాన్న గరిటెతో తిప్పి, "బద్దలేసినాడు. పైన నాలుగు గుండ్లెట్టి కప్పేసినాడు" అన్నాడు. జీడిపప్పు విడిపోయిందా, నిండుగా ఉందా అన్నది మేం చీకట్లో కూడా చెప్పగలం. తర్వాత, "నాకు ఉప్పు తగ్గించమను" అన్నాడు.

"ఏదైనా హెల్త్ ప్రాబ్లమా సార్?" అని వడ్డించేవాడు మర్యాదగా అడిగాడు.

నాన్న జవాబు కోసం నా వైపు చూశాడు. నేను లేదన్నాను. ఆ లేదనడంలో ఏదో లోపం జరిగినట్టుంది, ఆయన తలాడించి చారన్నం కలుపుకున్నాడు.

చివర్లో మా అమ్మాయి అందరికీ ఐస్‌క్రీం చెప్పింది. తాత ముందు కప్పు పెట్టి, "తిను తాతా, కరిగిపోతాది" అంది. నాన్న ఆ కప్పు వైపు చాలాసేపు చూశాడు. తర్వాత దాన్ని మనవరాలి వైపు జరిపి నన్ను అడిగాడు.

"దండం అయిపోనాది. సముద్రం అయిపోనాది. ఐస్‌క్రీం కూడా వచ్చేసినాది. రేపు ఎన్ని గంటలకి రమ్మన్నార్రా?"

"ఎవరు నాన్నా?"

"డాకటేర్లు."

అప్పుడు నాకు అర్థమైంది. నా భార్యకి నాకంటే ఒక్క క్షణం ముందు అర్థమైంది, చెంచా కింద పెట్టేసింది. "మావయ్యా, ఆస్పత్రి లేదు, ఏం లేదు. మనం ఊరికే వచ్చాం" అంది.

"మా అన్నతో మా వొదిన కూడా అచ్చంగా అలగే అన్నాదమ్మా" అన్నాడు నాన్న. కోపంగా కాదు, మెచ్చుకోలుగానే.

"ఏటయ్యా నీ గొడవ! కూతురు లాంటి పిల్ల సెప్తే నమ్మవేటి?" అని అమ్మ కసిరింది.

"నువ్వేల ఫ్లాస్కు తెచ్చినావు మరి?"

అమ్మ తన కప్పు కూడా మనవరాలి వైపు జరిపింది.

మర్నాడు పొద్దున్న లేచేసరికి నాన్న స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, ఎడమ చేతి గుండీ విప్పి, చాప మీద కూర్చుని ఉన్నాడు. కాఫీ ఇస్తే తాగలేదు. ఎం.వి.పి. కాలనీలో పేరున్న టిఫిన్ హోటలుకి తీసుకెళ్ళాం. అందరం నేతి పెసరట్టు తిన్నాం. ఆయన మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

"తిను నాన్నా."

"ఆల్లు రత్తం తీసినాక తింటాను. తినేసి ఎల్తే మల్లీ రేపు రమ్మంటారు. నీకు సెలవు దొరకద్దా?"

నా సెలవు గురించి కూడా ఆలోచించాడు.

తర్వాత కాలనీ వీధుల్లో తిరిగాం. నా భార్యకి కాలనీలంటే ఇష్టం. ఏ ఇంటికి ఏ రంగు వేశారు, ఎవరు బాల్కనీలో ఏం పెంచుతున్నారు, అన్నీ నిలబడి చూస్తుంది. నాన్న ప్రహరీల వెనక కొబ్బరిచెట్లు చూస్తూ నడిచాడు. "కాయలు ఎండిపోయి ఏలాడతన్నాయి. దింపినోడు లేడేటి ఈ ఊర్లో? నెత్తి మీద పడితే?" అన్నాడు. ఒక వీధి మలుపులో రక్తపరీక్షలు చేసే చిన్న లాబు ఉంది. దాని ముందు ఆయన నడక తగ్గించాడు. మేం ఆగలేదు. ఆయన మా వెనక వచ్చాడు.

జూలో మా అమ్మాయి తాత చెయ్యి పట్టుకుని ప్రతి బోను దగ్గరికీ తీసుకెళ్ళింది. ఆకలితో ఉన్న మనిషి పులిని చూస్తే ఏమనుకుంటాడో నాకు తెలియదు. నాన్న దాన్ని చూసీ చూడనట్టు దాటేశాడు. నీటి ఏనుగు దగ్గర మాత్రం నిలబడిపోయాడు.

"పాపం, ఒల్లంతా నీరట్టేసినాది" అన్నాడు.

"తాతా, అది అలాగే ఉంటాది!" అని పిల్ల నవ్వింది.

"మొదుట అందరూ అలగే అంటారు."

ఎండ నెత్తిమీదకి వచ్చింది. ఆయన కొంచెం తూలాడు. నేను బెంచీ మీద కూర్చోబెట్టి, పిల్ల తల మీద చెయ్యి పెట్టాను. "దీని మీద ఒట్టు నాన్నా. ఏ డాక్టరుతోనూ మాట్లాడలేదు. నీకేం లేదు. మనం సరదాగా వచ్చాం."

నాన్న నా చెయ్యి తీసి పిల్ల తల సవరించాడు. "పిల్ల మీద ఒట్లెయ్యకు. నేనూ నీ మీద ఒట్టేసే తీసుకొచ్చినాను మా అన్నని."

పోనీ నిజంగానే పరీక్ష చేయించేద్దామా అని నా భార్య పక్కకి పిలిచి అడిగింది. ఆలోచించాను. చేయిస్తే ఆయన అనుమానించిందే నిజమవుతుంది. చేయించకపోతే, దాస్తున్నామని అవుతుంది. కామర్స్‌లో ఇలాంటి లెక్క లేదు. సాయంత్రం రైలు ఉంది కదా, ఎక్కేస్తే ఆయనకే తెలుస్తుంది అన్నాను. అది తెలివైన మాటలాగే అనిపించింది.

గది ఖాళీ చేసి స్టేషనుకి ఆటో ఎక్కాం. ఆటో పెద్దాస్పత్రి గోడ పక్కనుంచే వెళ్ళింది. నాన్న సామాను దింపడానికి ఫ్లాస్కు చేతిలోకి తీసుకున్నాడు. ఆటో ఆగలేదు. ఆయన మెడ తిప్పి, గేటు కనుమరుగయ్యేదాకా చూశాడు. ఫ్లాస్కు ఒళ్ళోనే ఉంది.

రైలు కదిలాక ఇడ్లీ పొట్లం ఇచ్చాను. తీసుకున్నాడు. నెమ్మదిగా, ఒక తునక కింద పడకుండా తిన్నాడు. నీళ్ళు తాగి, విప్పిన గుండీ మళ్ళీ పెట్టుకున్నాడు. అమ్మ నా వైపు చూసి, చూశావా అన్నట్టు కళ్ళెగరేసింది. నా భార్య ఫోన్లో కైలాసగిరి ఫోటోలు ఆయనకి చూపించింది. ఒక దానిలో ఆయన దణ్ణం పెట్టుకుంటున్నాడు. "ఇది పెద్దది సేయించి దాసి ఉంచమ్మా" అన్నాడు. ఆవిడకి సంతోషమైంది. మా మొదటి విహారయాత్ర చివరికి సవ్యంగానే ముగిసిందనుకుని, నేను చెప్పులు విడిచి కాళ్ళు బారజాపుకున్నాను. దుప్పటి అడ్డం లేకపోవడంతో హాయిగా ఉంది.

నౌపడా దాటుతుంటే ఉప్పు మళ్ళ మీద పొద్దు వాలుతోంది. గట్ల మీద తెల్లటి ఉప్పు కుప్పలు. నాన్న కిటికీ లోంచి వాటినే చూస్తున్నాడు. ఇంకో గంటలో ఇంట్లో ఉంటాం. ఆయన ఇటు తిరిగి, ఒక్కొక్కరి మొహమూ వరసగా చూసి, చివరికి నా దగ్గర ఆగాడు.

"అయితే, ఇంక ఆస్పత్రికి తీసుకెల్లినా లాభం లేదనేసినారన్నమాట."