ఖాళీ తూటాల డబ్బా

నేను జీవితంలో ఒక్క తుపాకీ కూడా పేల్చలేదు. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది. ఏళ్ళ తరబడి ఇంటర్నెట్లో నన్ను గొప్ప షికారీ అనుకున్నవాళ్ళు ఓ యాభైమందైనా ఉంటారు. వాళ్ళలో చాలామందికి ఇప్పటికీ నిజం తెలియదు.

కువైట్ సిటీలో నా కఫీల్‌కి, అంటే నాకు వీసా ఇచ్చిన యజమానికి, కార్ల విడిభాగాల షాపు ఉండేది. నేను అందులో స్టోరు చూసేవాడిని. మధ్యాహ్నం ఒంటిగంటకి షట్టరు దించితే మళ్ళీ నాలుగున్నరకి తీయడం. సాల్మియాలో రూముకి పోయి రావడానికి బస్సులోనే సగం టైము పోయేది. ఆ ఎండలో ఎవడు తిరుగుతాడని ఏసీ కింద, స్టాకు ఎక్కించడానికి పెట్టిన కంప్యూటర్ ముందు కూర్చునేవాడిని. ఒకరోజు కఫీల్ తుపాకీకి ఏ నూనె రాయాలో వెతుకుతూ మన దేశంలోని తుపాకీ సరదా ఉన్నవాళ్ళ ఫోరం ఒకదానిలో పడ్డాను.

చలికాలం వచ్చిందంటే కఫీల్‌కి ఇల్లు పట్టదు. ఎడారిలో గుడారం వేసుకుని, వలస పిట్టల్ని కొట్టుకుంటూ శుక్ర శనివారాలు అక్కడే ఉండేవాడు. ఆదివారం పొద్దున్నే ఆయన రెండు తుపాకులూ షాపు వెనక గదిలోకి వచ్చేవి. గొట్టాల్లో ఊచ తోసి, ఇసక దులిపి, నూనె గుడ్డతో తుడవడం నా పని. జీతంలో లేని పనే అయినా ఇష్టంగానే చేసేవాడిని. వాటికి ఫొటో తీసి ఫోరంలో పెట్టి, కింద "మా ఇంటి జంట" అని రాశాను. "మీవేనా?" అని ఎవరో అడిగారు. నేను కాదనలేదు. మౌనం అర్ధాంగీకారం అంటారు, నాది పూర్తి అంగీకారమే.

నిజానికి ఆ ఫోరంలో పేల్చడం గురించిన మాటలు తక్కువ. "ఈరోజు మీ తుపాకీ కోసం ఏం చేశారు?" అని ఒక వరస ఉండేది, ఎవరు మొదలుపెట్టారో గాని ఏళ్ళ తరబడి సాగింది. బీరువాలో తేమ పీల్చే పొట్లాలు మార్చానని ఒకాయన రాసేవాడు. లైసెన్సు రెన్యువల్‌కి కలెక్టరాఫీసు గుమాస్తా ఎన్నిసార్లు తిప్పుకున్నాడో ఇంకొకాయన రాసేవాడు. ఎన్నికలొస్తే అందరూ తుపాకులు పోలీస్ స్టేషన్‌లో అప్పగించాలి కదా, అప్పుడు చూడాలి వాళ్ళ బెంగ. స్టేషన్‌లో గోడకి ఆనించేస్తారట, ఎవరూ నూనె రాయరట. షూటింగులో మనవాళ్ళకి పతకం వస్తే రెండు రోజులు పండగ. మధ్యలో కుక్కల జబ్బులు, క్రికెట్, ఆవకాయలో ఆవపిండి పాళ్ళు. తెలుగువాళ్ళం నలుగురం ఒక మూల చేరి ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసుకునేవాళ్ళం. ఏం తిన్నావని రూములో ఉన్న ఆరుగురిలో ఒక్కడూ అడిగేవాడు కాదు, ఫోరంలో ఆ ముగ్గురూ అడిగేవారు. అందుకే వాళ్ళు నా చుట్టాలు అనుకున్నాను.

ఆ ముగ్గురిలో ఒకాయన కాకినాడలో పళ్ళ డాక్టరు. నన్ను గురువుగారూ అనేవాడు. ఆయనకి ఖాళీ తూటాలు పోగేసే సరదా. పేల్చేశాక మిగిలే ప్లాస్టిక్ గొట్టాలు అవి, అడుగున ఇత్తడి కట్టు ఉంటుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, కంపెనీకో రంగు, దేశానికో ముద్ర. చిన్నప్పుడు మనం అగ్గిపెట్టె బొమ్మలు పోగేసినట్టే. "గురువుగారూ, మీ ఎడారివి ఓ పది పంపిస్తారా" అని అడిగాడు. గుడారం సామానుతోపాటు వాటిని కూడా సంచిలో తెచ్చి చెత్తలో వేయమనేవాడు కఫీల్. నేను రంగుకి రెండు చొప్పున ఏరి దాచాను. పధ్నాలుగు అయ్యాయి. ఖాళీ తూటాలు పంపడం తప్పవుతుందా అని ఫోరంలో చర్చ కూడా పెట్టాం. మందు లేదు, గుండు లేదు, పేలిన టపాకాయ కాగితంతో సమానం అని ఒక్క పూటలో తేల్చేశాం. తేల్చినవాళ్ళలో ఒక్కడు కూడా పోలీసు కాదు, వకీలూ కాదు.

కువైట్లో మనవాళ్ళకి ఒక పద్ధతుంది. ఎవరైనా సెలవు మీద ఇంటికెళ్తుంటే తెలిసినవాళ్ళంతా తలా ఒక పొట్లం ఇస్తారు. తీసుకెళ్ళనంటే జన్మలో మాట్లాడరు. అందుకని దానికి తోడు ఇంకో పద్ధతి పుట్టింది. ఇచ్చినవాడి ఎదుటే పొట్లం విప్పి, చూసి, మళ్ళీ కట్టుకోవాలి. తోడబుట్టినవాడు ఇచ్చినా సరే. ఎవరిదో పొట్లం మోసి జైలుపాలైనవాళ్ళ కథలు ప్రతి రూములోనూ ఉంటాయి.

ఆ ఏడు మా పక్క ఊరి అక్క వెళ్తోంది. కోనసీమలో మా ఊరికీ వాళ్ళ ఊరికీ మధ్య ఒక్క కాలవే అడ్డం. సబా అల్ సలేంలో ఒకరింట్లో పదకొండేళ్ళుగా వంట చేసేది. రెండు వారాలకోసారి మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, శుక్రవారం బయటికి వదిలితే బస్సెక్కి సిటీకి వచ్చేది. మావాళ్ళంతా కలుసుకునే చోట నన్ను వెతుక్కుని మరీ ఏదో ఒక కూర డబ్బా చేతిలో పెట్టేది. ఊళ్ళో ఇల్లు మొదలుపెట్టింది. గోడలు లింటెల్ దాకా లేచాయి. రెండు నెలలు ఉండి తిరిగొచ్చి, ఇంకో రెండేళ్ళు చేస్తే స్లాబు పడుద్ది, ఇంక ఖలాస్, మళ్ళీ ఈ ఎడారి మొహం చూడనని ప్రతిసారీ చెప్పేది. రానూపోనూ టికెట్టు మామాయే కొనిచ్చింది.

ఒక పాలపొడి డబ్బా ఖాళీ చేసి, గొట్టాలు నలగకుండా దూది కుక్కి, మూత చుట్టూ టేపు వేసి పట్టుకెళ్ళాను. ఆవిడ పెట్టెలో అప్పటికే అలాంటివి నాలుగు డబ్బాలున్నాయి.

"విప్పనా అక్కా?" అన్నాను.

"నువ్విచ్చింది విప్పి చూసేదేంటి తమ్ముడూ. ఏటున్నాయి అందులో?"

"ప్లాస్టిక్ గొట్టాలు. కాకినాడ డాక్టరుగారొకరు మీ ఇంటికి మనిషిని పంపించి తెప్పించుకుంటారు."

"ఆయ్, డాక్టరుగారికా," అని రెండు చీరల మధ్య పెట్టుకుంది.

తూటా అన్న మాట నేను నోటితో అనలేదు. ఖాళీవే కదా, అనక్కర్లేదనుకున్నానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. అది అబద్ధం. అంటే తీసుకెళ్ళదని తెలుసు, అందుకే అనలేదు.

ఆవిడ వెళ్ళాల్సిన రోజు మధ్యాహ్నం షట్టరు దించి ఫోరం తెరిచానో లేదో, తెలియని నంబరు నుంచి ఫోనొచ్చింది. అక్కే.

"తమ్ముడూ, ఆ డబ్బాలో ఏం పెట్టేవ్?"

"చెప్పాను కదక్కా, గొట్టాలే. ఏమైంది?"

"మిషన్లో కనపడ్డాయంట. ఈళ్ళు తూటాలంటన్నారు. ఫ్లైటు ఎల్లిపోయింది. ఎవరిచ్చారని అడుగుతున్నారు, నేను నీ పేరు చెప్పలేదు. నా అంతట నేను చెప్తే నీకు ఇబ్బందైపోద్ది. నువ్వే వచ్చి ఇలాగిలాగని చెప్పేసెయ్. వత్తావు కదా?"

"వస్తానక్కా," అన్నాను.

వెళ్ళలేదు. టాక్సీలో ఎయిర్‌పోర్టు ఇరవై నిమిషాలు. సాయంత్రం కఫీల్ షాపుకొచ్చి నా ఎదురుగానే కూర్చుని చాయ్ తాగాడు. ఆయనకి చెప్పాలంటే, పారేయమన్నవి దాచానని చెప్పాలి. ఎందుకు దాచావంటే ఫోరం చూపించాలి. ఫోరం చూస్తే అందులో ఆయన తుపాకులు, నా గొప్పలు. నా ఇఖామా, అంటే ఆ దేశంలో ఉండనిచ్చే కాగితం, ఆయన చేతిలో ఉంది. కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకున్నాను గాని నోరు తెరవలేదు. ఇవి ఇప్పుడు సాకుల్లా ఉన్నాయంటే అప్పుడు కూడా సాకులే.

నేను చేసిన ఒకే ఒక్క పని ఫోరంలో సలహా అడగడం. "తెలిసినావిడ ఒకరు పెద్ద పెట్టెలో ఖాళీ తూటాలతో ఎయిర్‌పోర్టులో దొరికారు. ఏం చేయాలి?" అని రాశాను. మొదటి జవాబు, ఏ కంపెనీవి అని. రెండోది, అలాంటివి చేతిసంచిలో పెట్టకూడదని, అవి పెద్ద పెట్టెలోనే ఉన్నాయని నేను ముందే రాసినా. మూడో ఆయన తన కుక్కకి తగ్గిందని రాశాడు. అరగంటలో ఫోరం నడిపేవాళ్ళు వచ్చి, చట్టానికి సంబంధించిన గొడవలు ఇక్కడ వద్దని ఆ వరస మూసేశారు. పళ్ళ డాక్టరు ఒక్క ముక్క మాట్లాడలేదు. కాని వెనక్కి వెళ్ళి చూస్తే, ఓ పది పంపిస్తారా అన్న పాత మాట చెరిపేసుకున్నాడు. మూడేళ్ళు పొద్దున్నే నా తిండి గురించి అడిగిన మనిషి. ఆ రోజు వాళ్ళందరి మీదా నాకు కడుపు మండిపోయింది. నా మీద మండాల్సినంత మండలేదు.

మూడో రోజు, అక్కకి తెలిసిన ఒకావిడ ఫోన్ చేసి, ఆవిడ ఇంకా ఎయిర్‌పోర్టు పోలీసుల దగ్గరే ఉంది, ఎవరిచ్చారో ఎంతడిగినా చెప్పడం లేదంట అంది. అప్పుడు కఫీల్ దగ్గరికెళ్ళి అంతా చెప్పాను. ఫొటోల సంగతితో సహా చెప్పాను. ఆయన నవ్వాడు.

"చెత్త అది. నన్నడిగితే ఒక బస్తా ఇచ్చేవాడిని," అన్నాడు ఉర్దూలో. "నా తుపాకులకి బాగా పేరొచ్చిందా? నాకూ చూపించు."

నేను మూడు రోజులు భయపడింది ఇందుకు.

తన కారులోనే తీసుకెళ్ళాడు. లోపల అధికారికి చెయ్యి కలిపాడు, చాయ్ వచ్చింది, తన లైసెన్సు చూపించాడు, ఇవి నావే, ఇతను మా మనిషే అన్నాడు. చాయ్ చల్లారేలోపు కేసు పోయింది. కాని ఆ మొదటి రోజు సాయంత్రమే అక్కవాళ్ళ మామాకి కబురెళ్ళింది. ఆవిడ వచ్చి డబ్బా చూసి, పిల్లలున్న ఇల్లు, ఇంక ఈ మనిషి వద్దని మర్నాడే ఇఖామా రద్దు చేయించేసింది. కేసు పోయినంత మాత్రాన అది వెనక్కి రాదు. కఫీల్ వెళ్ళి ఆ ఇంటి పెద్దతో మాట్లాడాడు కూడా. వాళ్ళు మర్యాదగా ఖర్జూరాలు పెట్టి, కుదరదన్నారట.

"ఆ రోజే నాతో చెప్పి ఉంటే ఆ ఇంటికి కబురే వెళ్ళేది కాదు," అన్నాడు తిరిగొచ్చేటప్పుడు. ఆ తర్వాత ఆ మాట ఆయన మళ్ళీ ఎత్తలేదు.

అక్కని అక్కణ్ణుంచే ఫ్లైటెక్కించారు. నడవలో రెండు నిమిషాలు చూడనిచ్చారు. మూడు రోజులుగా అవే బట్టలు. నన్ను చూసి, "వచ్చేవా తమ్ముడూ," అంది. అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది.

దీని తర్వాత నేను ఫోరం మానేశానని రాయగలిగితే ఈ కథలో నాకు కాస్త పరువు దక్కేది. మానలేదు. నెల తిరక్కుండానే అదే వరసలో, "ఈరోజు నూనె రాశాను" అని రాశాను. పళ్ళ డాక్టరు, "బావున్నారా గురువుగారూ, చాలారోజులైంది" అని రాశాడు. బావున్నానన్నాను.

రెండేళ్ళకి సెలవు మీద వెళ్ళినప్పుడు కాకినాడలో ఆయన క్లినిక్ పై అంతస్తులో కూర్చుని కాఫీ కూడా తాగాను. గోడ పొడవునా అద్దాల బీరువా. లోపల చిన్న చిన్న మెట్లు, మెట్టు మెట్టుకీ తూటా గొట్టాలు, ప్రతిదాని కింద చీటీ. మధ్యలో ఒక మెట్టు ఖాళీ. చీటీ మాత్రం ఉంది, కువైట్ అని.

"ఆ చోటు మీకోసమే ఉంచాను గురువుగారూ. ఈసారి తెచ్చారా?" అన్నాడు.

ఆవిడ ఏమైందని అడగలేదు. అడుగుతాడేమోనని కాఫీ అయిపోయేదాకా చూశాను. లేచి వచ్చేశాను.

మర్నాడు కాలవ దాటి అక్క ఇంటికెళ్ళాను. గోడలు లింటెల్ దగ్గరే ఆగిపోయాయి. పైకి లేచిన ఊచలు తుప్పుపట్టి, వాటికి కట్టిన తాళ్ళ మీద బట్టలు ఆరుతున్నాయి. పక్కన కొబ్బరాకుల పాకలో ఉంటోంది. రొయ్యలు ఒలిచే షెడ్డుకి పనికెళ్తోందట, వేళ్ళ చివరలు తెల్లగా పాసిపోయి ఉన్నాయి. టీ పెట్టిచ్చింది. కూర ఉంది, తినెళ్ళమంది. నేను తెచ్చిన సంచి తీసుకుని, లోపల ఏముందో చూడకుండానే పక్కన పెట్టింది.

"తమ్ముడూ, ఒకటడుగుతాను. ఆటితో ఆ డాక్టరుగారు ఏం చేత్తారు?"

"ఏం చెయ్యరక్కా. అద్దాల బీరువాలో పెట్టుకుంటారు."

"పెట్టుకుని?"

"చూసుకుంటారు."

ఆవిడ ఖాళీ గ్లాసు నా చేతిలోంచి తీసుకుంది.

"ఆళ్ళు తూటాలంటన్నా నేను నమ్మలేదు తమ్ముడూ," అంది. "డాక్టరుగారన్నావు కదా. ఎవరికో వైద్యానికి కావాలేమో, నీ పేరు చెప్తే ఆ రోగికి అందకుండా పోద్దేమోనని, ఆ మూడ్రోజులూ నోరు మూసుకుని కూచున్నాను."