మేత లేని సీసాలు

తాడేపల్లిగూడెం కాలేజీ ల్యాబులో పరిశోధన చేసే ప్రసన్నలక్ష్మి చాలా మధ్యాహ్నాలు క్యారియరు విప్పడం మరిచిపోతుంది. కళ్లజోడు చున్నీ కొసతో తుడుచుకుని, గాజు సీసాలను ఒక్కొక్కటే వెలుతురుకెత్తి చూస్తుంది. వాటిలో కొల్లేటి బురద నుంచి తీసిన బ్యాక్టీరియాలున్నాయి. మేత తగ్గేకొద్దీ వాటిలో కొన్ని జన్యువులు మేలుకుని, దొరికిన కాస్త తిండినీ లోపలికి లాక్కునే దారులు కడతాయి. ఆ జన్యువుల్ని పట్టుకోవడానికే ఏడాదిగా ఆమె వాటి కడుపు మాడుస్తోంది. ఫెలోషిప్పు ఈ నెలతో ఆఖరు.

వేసవిలో తమ చెరువులో పెంచే చేపలన్నీ చచ్చి తేలినప్పటి నుంచి తండ్రి నరసరాజు ఎవరితోనూ మాట్లాడడం లేదు. ఇంట్లో ఉండలేక, రోజూ ఆమెతో వచ్చి ల్యాబు మూల స్టూలు మీద కూర్చుంటున్నాడు. ఇవాళ ఆమె క్లాసు చెప్పి వచ్చేసరికి సీసాలన్నీ టీ రంగుకి తిరిగి ఉన్నాయి.

"ఆకలితో ఉన్నాయన్నావు కదమ్మా. చెరువులో నీళ్లు బాగుపడ్డానికి చల్లే బ్యాక్టీరియా మందుకి బెల్లం కలుపుతాం చూడు, అలాగే కలిపాను," అన్నాడాయన. చాన్నాళ్లకి ఆ మొహంలో కళ కనిపించింది.

ఆ తీపికి జన్యువులు ఈపాటికే నిద్రపోయి ఉంటాయి. మళ్లీ మొదలుపెట్టే వ్యవధి లేదు. ప్రసన్నలక్ష్మి ఒక సీసా ఎత్తి, వెలుతురుకి కాసేపు పట్టి, దించింది.

"ఇవన్నా బతుకుతాయా అమ్మా?"

"బతుకుతాయండీ నాన్నగారూ," అంది.