కరుణమ్మ పట్టుకున్న తప్పు

ఏడేండ్లుగా ఒక మాట నా గొంతులో ఇరుక్కొని ఉంది. మింగలేకపోయినాను, కక్కలేకపోయినాను. ఇప్పుడు నీకు చెప్తాండాను. నీ మీద నమ్మకం ఉండి కాదు. నువ్వెవరో నాకు తెలీదు కాబట్టి. అయ్యో పాపం అంటావేమో, అనొద్దు. నాకు ఒళ్లు మండుతుంది.

ఆదోనిలో ఒక ప్రైవేటు ఆసుపత్రి, ఎమ్మిగనూరులో దాని బ్రాంచి. రెండింటికీ ఒకటే సర్వరు. రోగుల పేర్లు, చీటీలు, రిపోర్టులు నడిపే ప్రోగ్రాం రాసింది నేనే. ఆ ఊర్లో నా అంతటోడు లేడని ఆసుపత్రి నడిపే డాక్టరుగారు పదిమందిలో చెప్పేవాడు. నేనూ అట్లే అనుకునేవాణ్ణి.

ఎమ్మిగనూరు కౌంటర్లో కరుణమ్మ ఉండేది. గోనెగండ్ల దగ్గర పల్లె ఆమెది. ఇంట్లో అందరూ కూలికి పోయేవాళ్లే, కుర్చీలో కూచునే పని దొరికింది ఆమెకొక్కదానికే. రోజూ మధ్యాహ్నానికి నా ప్రోగ్రాం బిగుసుకుపోయేది. రిపోర్టు రాదు, చీటీ రాదు. జనం ఎవరిని తిడతారు? ఎదురుగా కనపడే ఆమెనే. ఒకాయన ఫైలు తీసి మొహాన కొట్టినాడంట. నేను ఆదోనిలో ఫ్యాను కింద కూచొని సర్వరు ఆపి మళ్లా వేసేవాణ్ణి. మరుసటి రోజు అదే కథ.

ఒకరోజు ఆమె బస్సెక్కి నా దగ్గరికే వచ్చింది. చేతిలో నోటుబుక్కు కాగితం.

"సార్, ఒగ మాట సెప్తా, కోప్పడొద్దండి. ఓపీ నంబరు లేకుండా వచ్చినోళ్లని పేరుతో యెతుకుతాం కదా. ఆ పేరు దొరకలేదని వచ్చినప్పుడల్లా ఒగ గీత గీసినా. ఇరవై గీతల కాడికి వచ్చేసరికి అంతా నిలబడిపోతాంది. ఐదు దినాలు సూసినా."

"ఏం చదివినావు నువ్వు?"

"ఇంటర్ సార్."

"నేను పన్నెండేండ్లుగా ఇదే పని చేస్తాండాను. బటను నొక్కేది నీ పని. అది సరిగ్గా చెయ్ పో."

ఆమె కాగితం టేబులు మీద పెట్టి పోయింది.

ఇరవై. ఆ అంకె నాకు తప్ప ఇంకెవరికీ తెలీదు. డేటాబేసుతో మాట్లాడేదానికి ప్రోగ్రాముకి కనెక్షన్లు కావాల. అడిగిన ప్రతిసారీ కొత్తది తెరిస్తే ఆలస్యమని, ఇరవై తెరిచి ఒకచోట ఉంచినాను. పని అయిపోతానే తీసుకున్న కనెక్షను మళ్లా ఆడికే చేరాల, అప్పుడే ఇంకొకరికి దొరుకుతుంది. నేను రాసిన వెతికే పేజీలో, పేరు దొరికితే కనెక్షను వెనక్కి వచ్చేది. దొరక్కపోతే రాదు. ఆ దారిలో వెనక్కిచ్చే లైను రాయడం మరిచినాను. అట్ల ఇరవై పోతే, ఇరవై ఒకటో మనిషి ఎంతసేపు నిలబడినా ఏమీ రాదు. ఆమె పోయిన పది నిమిషాల్లో ఇదంతా నా కండ్లకు కనపడింది.

ఆ లైను అప్పుడే రాయొచ్చు. ఎందుకు రాయలేదు? భయమా? కాదు. కుళ్లు. గీతలు గీసి కనిపెట్టిన మనిషి ముందర, పన్నెండేండ్ల అనుభవమున్న నేను తల వంచాల్సి వస్తుందని. ఆమె సుఖంగా ఉండకూడదని ఆ రోజు నిజంగా కోరుకున్నాను. ఇంతకన్నా మర్యాదగా చెప్పే మాట నా దగ్గర లేదు.

వారానికి డాక్టరుగారు పిలిచినాడు. ఏ కౌంటరు ఏం నొక్కిందో సర్వరు రాసిపెట్టుకునే చిట్టా తీసి చూపించినాను. చిక్కుకున్న కనెక్షన్లన్నీ ఎమ్మిగనూరు కౌంటరువే. అది అబద్ధం కాదు, పేరుతో వెతకాల్సిన పల్లె జనం వచ్చేది ఆడికే. "ఆమె ఇష్టమొచ్చినట్టు నొక్కుతాంది సార్" అన్నాను. అది అబద్ధం.

ఆమెను తీసేసినారు. తీసేసిన రోజే నేను ఆ లైను రాసినాను. పేర్లకు ఇండెక్సు కూడా పెట్టినాను, వెతకడం చిటికెలో అయిపోతాండె. ఆ తర్వాత ప్రోగ్రాం ఒక్క పూట ఆగలేదు. "చూసినారా, ఆమె పోయినాంక ఎంత బాగుందో" అని డాక్టరుగారు అందరికీ చెప్పినాడు. నా మరమ్మతే ఆమె మీద సాక్ష్యమైపోయింది. కంప్యూటరు చెడగొట్టిందన్న పేరు పడినాక ఎమ్మిగనూరులో ఏ ల్యాబులోనూ, ఏ మెడికల్ షాపులోనూ ఆమెను పెట్టుకోలేదు.

మూడేండ్ల కింద పత్తి ఏరే ఆడవాళ్ల ఆటోలో చూసినాను. నన్ను గుర్తుపట్టి నమస్కారం పెట్టింది. నేను చేసింది తెలిసే పెట్టిందా, తెలియకనా? ఆ నమస్కారానికి కూడా ఆమె మీద కోపమొచ్చింది నాకు. ఎట్లాంటి మనిషినో చూసుకో.

పోయిన వారం ఆసుపత్రిలో కొత్త ప్రోగ్రాం పెట్టినారు. పాత సర్వరు తుడిచేసినారు. ఆ పేజీ లేదు, ఆ చిట్టాలు లేవు, ఎవరన్నా తవ్వి చూద్దామన్నా ఏమీ దొరకదు. తప్పించుకున్నాననే అనుకున్నాను. రెండు రోజులు హాయిగా అన్నం తిన్నాను కూడా. మూడో రోజు, ఆ తప్పుకు మిగిలిన సాక్షి ఇంక నేనొక్కణ్ణే అని తట్టింది, కంచం పక్కన పెట్టి కాగితం తీసుకున్నాను.

ఈ కాగితం ఒక కాపీ డాక్టరుగారికి పోస్టు చేసినాను, ఒకటి గోనెగండ్ల దగ్గర కరుణమ్మ పల్లెకు. ఆ రెండింటి కింద నా పేరు రాసి సంతకం పెట్టినాను. నీకు మాత్రం పేరు చెప్పను, నీకు దాంతో పని లేదు. ఆమె నన్ను ఏమంటుందో తెలీదు. ఏమన్నా అనే హక్కు ఆమెకుంది. తప్పు నాది, పట్టుకున్నది ఆమె. ఇంత చిన్న మాట రాసేదానికి ఏడేండ్లు పట్టింది. రాసినాను.