పొద్దుటి వార్తలు చదివినామె

టీవీ ఆఫీసులో చిన్నా పెద్దా అందరికీ ఆమె అక్కే. ఏళ్ల తరబడి పొద్దుటి వార్తలు చదివింది. పచ్చి బాలింతగా తిరిగొచ్చి, పాలు చేపుకొచ్చి జాకెట్టు తడిస్తే పైన కోటు బిగించుకుని, గొంతు వణక్కుండా ఎన్నికల ఫలితాలు చదివిన మనిషి.

ఒకరోజు వార్తల కాగితాలు పట్టుకుని ఎడిటరు గది ముందు నిలబడి ఉంది. తలుపు తెరుచుకుంది. కొత్తగా చేరిన రిపోర్టరు పిల్ల తన మణికట్టు రుద్దుకుంటూ బయటికొచ్చింది. వెనకనుంచి ఎడిటరు గొంతు వినబడింది. "చెయ్యి పట్టుకుంటేనే ఇంత బెట్టా? ఉద్యోగం కావాలో వద్దో తేల్చుకో."

ఆమె ఆ పిల్లని మేకప్ గదిలోకి తీసుకెళ్లి కూర్చోబెట్టింది. "నేనొక్కదాన్నే చెబితే ఎవరూ నమ్మరక్కా" అంది ఆ పిల్ల.

"నేను విన్నానుగా. నేనూ చెబుతాను."

ఇంట్లో భర్త అన్నం కలుపుతూ అన్నాడు. "ఎవరి గొడవో నెత్తికెత్తుకుంటే నీ పేరే నలుగురి నోళ్లలో నానుతుంది."

"మన కూతురైతే?"

"మన కూతురు కాదుగా."

ఆమె కంచం ముందునుంచి లేచింది. మర్నాడు వెళ్లి ఫిర్యాదు చేసింది. విచారణకు కూర్చున్న పెద్దల ముందు విన్నది విన్నట్టు చెప్పింది. తర్వాత ఆ పిల్లని లోపలికి పిలిచారు. ఆ పిల్ల తలెత్తకుండా, "సార్ ఏమీ అనలేదు. అక్క పొరబడ్డారు" అందట.

ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టు, నేరమంతా ఆమెదైంది. ఉద్యోగం తీసెయ్యలేదు. తెర మీద మొహం కనబడకుండా, మధ్యాహ్నం వాతావరణ వార్తలకి గొంతు మాత్రం ఇమ్మన్నారు. "జనం కొత్త మొహాలు అడుగుతున్నారమ్మా" అన్నాడు మేనేజరు, కిటికీలోంచి బయటికి చూస్తూ. అప్పటినుంచి క్యాంటీన్‌లో ఆమె కూర్చుంటే బల్ల ఖాళీ అయ్యేది. అక్కా అక్కా అని వెంట తిరిగినవాళ్లు ఫోన్లలోకి తలలు దూర్చేవారు.

కొన్నాళ్లకి పొద్దుటి వార్తలు ఆ పిల్లకే ఇచ్చారు. ఆ వారంలోనే ఇద్దరూ మెట్ల మీద ఎదురుపడ్డారు.

"గొడవ బయటపడితే ఉద్యోగం మాన్పించి ఇంట్లో కూర్చోబెడతానన్నారు నాన్న. భయపడ్డానక్కా. నన్ను తిట్టండి."

తిట్లు చాలానే కూడబెట్టుకుంది ఆమె. తీరా చూస్తే ఆ పిల్ల మొహంలో, పూసిన రంగు కింద, నెత్తురు చుక్క లేదు. ఒక్క తిట్టూ నోటికి రాలేదు.

"తిడితే ఏమొస్తుందమ్మా. ఆ ఎడిటరుగాడి గదిలోకి మాత్రం ఒక్కదానివే వెళ్లకు."

"ఇప్పుడు రోజూ వెళ్లాలక్కా. చదివే ముందు వార్తలన్నీ ఆయనకి చూపించాలి."

పైనుంచి ఎవరో పిలిచారు. ఆ పిల్ల కళ్లు ఒత్తుకుని మెట్లెక్కింది. ఆమె మెట్ల కమ్మీ పట్టుకుని ఆ పిల్ల వెళ్లినవైపే చూసింది. తర్వాత కిందికి దిగి, వాతావరణం చదవడానికి వెళ్లింది.