బరువు కింద మూసుకున్న పగుళ్లు

దీపం ముట్టించి, కన్నపిల్లల మీద ఒట్టేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి ముక్కా నిజం. అశోక్ చౌక్ చాయ్ బండి దగ్గర నా మాటలు విన్నవాళ్లు నవ్వుతారు. కరెంటు పోయిన రోజున మా మగ్గం తనంతట తానే ఆరు తువ్వాళ్లు నేసిందని వాళ్లకు చెప్పింది నేనే మరి. ఇది అలాంటిది కాదు.

దాజీ పేట్‌లో మా షెడ్డు కింద తాతల నాడు నల్లరాయి తొలిచిన గది ఉంది. తళఘర్ అంటాం. తొలిచేటప్పుడు నడుమ వదిలేసిన ఒకే ఒక్క రాతి స్తంభం పైనున్న కరెంటు మగ్గాలన్నిటినీ మోస్తోంది. మా వదిన, ఇంకో ఐదుగురు ఆడవాళ్లు మధ్యాహ్నాలు ఆ స్తంభం చుట్టూ కూర్చుని బీడీలు చుడతారు. అక్కడి చల్లదనానికి తునికాకు మెత్తగా ఉంటుంది. పైన గంటలో పెళుసెక్కి, చుడుతుంటేనే చిట్లుతుంది.

వానలు తగ్గాక వాళ్ల చేటల్లో పొగాకు మీద నల్లటి రాతిపొడి రాలసాగింది. టార్చి వేసి చూస్తే స్తంభానికి అడ్డంగా వెంట్రుకంత సన్నటి పగుళ్లు, ఒకదాని కింద ఒకటి. మగ్గాలు ఆడుతున్నప్పుడు చెయ్యి పెడితే జ్వరమొచ్చిన ఒంటిలా వణికేది ఆ రాయి. వదిన పొడి ఊదేసి మళ్లీ చుట్టేది.

దసరాకు మా గల్లీ అమ్మాయి పుణె నుంచి వచ్చింది. రాళ్ల చదువు చదువుతోంది. స్తంభం నెత్తిన సుత్తితో కొడితే ఆ అదురు పాదానికి ఎంతసేపట్లో చేరిందో ఆమె తెచ్చిన పెట్టె చెబుతుందట. గట్టిరాయిలో అదురు పరుగెడుతుంది, పగుళ్లుంటే కుంటుతుంది.

ఆమె మా షెడ్డుకు వచ్చింది ఖండేనవమి నాడు, అంటే ఆయుధపూజ రోజున. ఆ రోజు మగ్గాలు ఆపి, నూలు చుట్టిన బీములు, తువ్వాళ్ల గఠ్ఠాలు, ఇనుప సామాను అంతా షెడ్డు నడుమ, సరిగ్గా స్తంభం మీద, కుప్పగా పేర్చి పూజ చేస్తాం. దశమి పొద్దుగూకేదాకా ఆ కుప్పను కదిపే అలవాటు మాకు లేదు. కుప్ప అంచున బయటికి కనిపిస్తున్న స్తంభం నెత్తి మీద ఆమె కొట్టింది. అదురు వేగంగానే దిగింది. రాయి బాగుందంది. నేను మెట్లు దిగి ఆ మాట ఆడవాళ్లకు చెప్పాను.

ఏకాదశి పొద్దున, కుప్ప తీశాక, పుణె బస్సెక్కే ముందు ఆమె మళ్లీ కొట్టింది. మూడుసార్లు కొట్టింది. ముఖం మాడిపోయింది. మెట్ల మీద పెట్టి ఉన్న వదిన గంపలోంచి ఆ అమ్మాయి తునికాకు కట్ట ఒకటి తీసి, వదులు చేసి నా అరచేతిలో పెట్టి పైన వేలితో తట్టింది. ఆ తట్టు నాకు తెలియలేదు. కట్టను గట్టిగా అదిమి తట్టింది. అరచేతికి తగిలింది.

"మొన్న కుప్ప బరువుకు పగుళ్లన్నీ మూసుకున్నయి కాకా, అందుకే అదురు సీదా దిగింది. ఇయ్యాల తెరుచుకున్నయి. మగ్గాలు ఆడితే రోజంతా మూసుడు, తెరుసుడే. ఆడోళ్లను పైకి తీస్కరా."

మధ్యాహ్నం కింద ఆడవాళ్లకు ఆ మాటే చెప్పాను. వదిన బీడీ చుట్టడం ఆపలేదు.

"నవమినాడు బాగుందంటివి, ఇయ్యాల కూలుతదంటివి. రెండు దినాలల్ల రాయికి ముసలితనం వచ్చెనా? నీ కథలు, గోష్టులు చాయ్ బండికాడ చెప్పుకో పో మరిదీ. లేకుంటే ఆ పిల్లకు ఫోన్ కలుపు, ఆమెనే చెప్పమను."

అందరూ నవ్వారు. నేను ఫోన్ కలపలేదు. మగ్గాలు ఆపితే మా అన్న వచ్చి మళ్లీ నడిపాడు.

నాలుగు రోజులు పైన మగ్గాలు, కింద ఆడవాళ్లు. నేను మెట్ల మీద కూర్చుని లెక్కపెట్టేవాడిని, ఆరుగురూ ఉన్నారని. ఐదో రోజు అరచేయంత రాతిపెచ్చు వదిన చేటలో పడింది. అప్పుడు ఆ అమ్మాయికి కలిపి ఫోన్ వదిన చేతికిచ్చాను. చాలాసేపు విన్నది. నా వైపు చూడకుండా గంప ఎత్తుకుని మెట్లెక్కింది. వెనకే మిగతావాళ్లు. ఆకు చిట్లుతున్నా ఇప్పుడు వరండాలోనే చుడుతున్నారు. వదిన నాతో మాట్లాడటం లేదు.

ఇక ఒట్టు సంగతి. ఇందులో నేను కల్పించింది ఒక్కటే. రాయి బాగుందని ఆ అమ్మాయి అనలేదు. "కుప్ప తీసి కొడ్తెనే తెలుస్తది కాకా, అందాక ఎవరినీ కింద కూసోనియ్యకు" అన్నది. పండగపూట మంచి కబురు మోసుకెళ్తే బాగుంటుందనిపించింది. బాగుందన్నది నేను.